తరంగాల పేరిట తప్పుడు తూకం

కాపరులమైన మేము మా తప్పులను పత్రికల్లో చెప్పుకోవడం అరుదు. అయినా మా సంఘంలో జరిగిన ఒక సంగతిని ఈ వారం మీ ముందు పెడుతున్నాము. చెప్పకుండా ఊరుకుంటే అదే కీడు మరో సంఘంలో, మరో ఇంట్లో జరుగుతుందన్న భయమే అందుకు కారణం.

అంబర్‌పేట్‌లోని మా మందిరంలో మూడు రాత్రులు ఉజ్జీవ కూడికలు జరిగాయి. వాక్యం చెప్పడానికి వచ్చిన ఒక సహోదరుడు రెండో రాత్రి ఉన్నట్టుండి సైన్సులోకి వెళ్లారు. ‘మీ శరీరం మాంసం కాదు, తరంగం! ఈ మాట క్వాంటం శాస్త్రమే ఒప్పుకుంది! విశ్వాసంతో నోరు తెరిచి పలకండి, మీ తరంగం మారిపోతుంది, రోగం పారిపోతుంది. మాత్ర మింగడమంటే అవిశ్వాసాన్ని మింగడమే!’ అన్నారాయన. మందిరమంతా హల్లెలూయలతో మార్మోగింది. మేమూ చప్పట్లు కొట్టాము.

కూడిక ముగిశాక ఒక యవ్వనస్థుడు మా దగ్గరికొచ్చాడు. మా సండే స్కూల్లో పెరిగిన పిల్లవాడే, ఇప్పుడు ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాడు. ‘అయ్యగారూ, ఒక్క మాటండీ. ఆయన చెప్పింది తప్పు. ఆ సూత్రంలో కింద బరువు ఉంటుందండీ. బరువు పెరిగేకొద్దీ తరంగం చిన్నదైపోతుంది. మనిషి విషయంలో అది లేనట్టే లెక్క’ అన్నాడు మెల్లగా. మేమేమన్నామో తెలుసా? ‘బాబూ, దైవజనుణ్ని తప్పుపట్టే చదువు చదువే కాదు. ముందు మోకాళ్ల మీద ప్రార్థన నేర్చుకో’ అన్నాము. వాడు తలవంచుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మూడు నెలలు మందిరం గడప తొక్కలేదు.

ఆ రాత్రి ముందు వరుసలో నాచారం నుంచి వచ్చే ఒక పెద్దావిడ కూర్చున్నారు. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉన్న మనిషి. మరునాటి నుంచే ఆమె గోలీలు మానేశారు. ఇంట్లో కోడలికి కూడా చెప్పలేదు. కాలికి లేచిన చిన్న పుండు మానలేదు సరికదా నల్లబడింది. ఆసుపత్రికి చేర్చేసరికి రెండు వేళ్లు తీసేయక తప్పలేదు. మంచం పక్కన నిలబడి ప్రార్థన చేయబోతుంటే ఆమె మా చెయ్యి పట్టుకుని, ‘అయ్యగారూ, నా విశ్వాసం చాల్లేదా?’ అని అడిగారు. ముప్ఫై ఏళ్ల పరిచర్యలో ఏ ప్రశ్నా మమ్మల్ని అంతగా కోయలేదు. చాలనిది ఆమె విశ్వాసం కాదు, మా జాగ్రత్త!

ఆ సాయంత్రమే ఆ యవ్వనస్థుడి ఇంటికి వెళ్లాము. క్షమించమని అడిగాము. ‘సూత్రంలో కింద బరువుంటుంది అన్నావే, అదేంటో ఇప్పుడు చెప్పు బాబూ’ అన్నాము. వాడు నోట్‌బుక్ తీసి ఎన్నో సాయంత్రాలు ఓపికగా చెప్పాడు. వేదాంత కళాశాలలో గ్రీకు, హీబ్రూ చదువుకున్న మాకు అది కొత్త పాఠశాలే. నేర్చుకున్నది మీతోనూ పంచుకుంటాము. ఎందుకంటే ‘క్వాంటం’ అనే మాట ఇప్పుడు అందరి నోటా నలుగుతోంది. కేంద్ర ప్రభుత్వం 2023లో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. 2025ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ క్వాంటం సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది అమరావతిలో క్వాంటం వ్యాలీ అంటూ మన తెలుగు పత్రికలన్నీ రాశాయి. పదం పాతబడకముందే దానికి తప్పుడు అర్థాలు అంటగట్టేవారూ తయారయ్యారు.

అసలు కణానికీ తరంగానికీ తేడా ఏమిటి? ఉప్పల్ నల్ల చెరువులో పక్కపక్కనే రెండు రాళ్లు వేయండి. రెండు చోట్ల నుంచీ అలలు వలయాలుగా లేస్తాయి. ఒక అల పొంగు మరో అల పొంగుతో కలిస్తే అక్కడ నీరు మరింత ఎత్తుకు లేస్తుంది. ఒకదాని పొంగు మరోదాని పల్లంతో కలిస్తే అక్కడ నీరు కదలనట్టే ఉంటుంది. రాళ్లు అలా చేయవు. ఒక రాయికి మరో రాయి కలిస్తే రెండు రాళ్లవుతాయే గానీ రాళ్లు లేకుండా పోవు. ఇలా కలిసి పెరగడం, కలిసి చెరిగిపోవడం అనేది అల గుర్తు. ఒక్కచోట తగిలి ఒక్కచోటే గుర్తు వేయడం కణం గుర్తు.

వందేళ్ల కిందటి దాకా ఈ రెండూ వేర్వేరు కుటుంబాలనే శాస్త్రవేత్తలు అనుకున్నారు. వెలుగు అల, ఎలక్ట్రాన్ కణం అని తీర్పు చెప్పేసుకున్నారు. 1905లో ఐన్‌స్టీన్ వచ్చి వెలుగు కొన్నిసార్లు చిన్నచిన్న పొట్లాలుగా కూడా ప్రవర్తిస్తుందన్నారు. ఆ పొట్లానికే తర్వాత ఫోటాన్ అని పేరొచ్చింది. ఈ ఫోటాన్ సంగతిలో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం 1931లో సి.వి. రామన్‌తో కలిసి ఫోటాన్‌కు స్పిన్ అనే లక్షణం ఉందని ప్రయోగంతో చూపారు. ఆయనే తర్వాత మన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు.

ఇక రెండో వైపు చూద్దాం. ఫ్రాన్సులో లూయీ డి బ్రోయ్ అనే యువకుడు మొదట చరిత్ర చదివి, తర్వాత భౌతికశాస్త్రానికి మళ్లాడు. ‘అల అనుకున్న వెలుగు కణంలా నడుచుకుంటే, కణం అనుకున్న ఎలక్ట్రాన్ అలలా ఎందుకు నడుచుకోకూడదు?’ అన్నది అతని ప్రశ్న. 1924లో పారిస్‌లో డాక్టరేటు కోసం సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో దానికి లెక్క కట్టాడు. కదిలే ప్రతి వస్తువుకూ ఒక తరంగం ఉంటుంది. ఆ తరంగం పొడవు కావాలంటే ప్లాంక్ స్థిరాంకం అనే అతి చిన్న సంఖ్యను ఆ వస్తువు బరువు, వేగాల లబ్ధంతో భాగించాలి. మా యవ్వనస్థుడు ‘కింద బరువు ఉంటుంది’ అన్నది దీని గురించే. పరీక్షించినవారికే ఆ వ్యాసం వింతగా తోచింది. వారిలో ఒకరైన లాంజెవిన్ దాన్ని ఐన్‌స్టీన్‌కు పంపగా, ఆయన మెచ్చుకున్నారు. 1929లో డి బ్రోయ్‌కి నోబెల్ బహుమతి దక్కింది.

మరి రుజువెలా దొరికింది? అదీ ఒక ప్రమాదంతోనే! అమెరికాలో బెల్ సంస్థ ప్రయోగశాలలో డేవిసన్, జెర్మర్ అనే ఇద్దరు నికెల్ ముక్క మీద ఎలక్ట్రాన్లను వదిలి అవి ఎటు చెదురుతాయో చూస్తుండేవారు. 1925లో అక్కడ ద్రవరూపంలో ఉన్న గాలిని నింపిన సీసా పేలింది. గాజు గొట్టం పగిలి లోపలి వేడి నికెల్‌కు గాలి తగిలి పాడైంది. దాన్ని శుభ్రం చేయడానికి బాగా కాల్చారు. ఆ కాల్పుతో నికెల్‌లోని చిన్నచిన్న స్ఫటికాలు కలిసిపోయి కొద్దిపాటి పెద్ద స్ఫటికాలయ్యాయి. మళ్లీ ప్రయోగం చేస్తే ఎలక్ట్రాన్లు పూర్వంలా చెదరలేదు, కొన్ని దిక్కులకే గుంపుగా వెళ్లాయి. ఆ తర్వాత ఒకే స్ఫటికాన్ని తీసుకుని 1927లో లెక్క తేల్చారు. 54 వోల్టుల శక్తితో, అంటే సెకనుకు 4,000 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతున్న ఎలక్ట్రాన్‌కు డి బ్రోయ్ సూత్రం చెప్పిన తరంగం పొడవు సెంటీమీటరులో సుమారు ఆరు కోట్లవ వంతు. ప్రయోగంలో కొలిచినదీ దాదాపు అంతే!

ఇక్కడ ఒక ఇంటి కథ కూడా ఉంది. 1897లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి కావెండిష్ ప్రయోగశాలలో ఎలక్ట్రాన్ ఒక కణమని చూపింది జె.జె. థామ్సన్. దానికి సంబంధించిన పరిశోధనలకే 1906లో నోబెల్ అందుకున్నారు. ఆయన కుమారుడు జి.పి. థామ్సన్ స్కాట్లాండులోని అబర్డీన్‌లో పల్చని రేకుల గుండా ఎలక్ట్రాన్లను పంపి, అవి అలల్లా వలయాలు గీస్తాయని 1927లో చూపాడు. డేవిసన్‌తో కలిసి 1937లో నోబెల్ పంచుకున్నాడు. తండ్రి కణమన్నాడు, కొడుకు అల అన్నాడు. ఇద్దరి మాటా నిజమే! తన మాటకు కొడుకు మరో వైపు చూపినందుకు తండ్రిని అవమానించినట్టు ఎవరూ అనుకోలేదు. మన సంఘాల్లో ఒక పిల్లవాడు పెద్దల మాటకు మరో వైపు చూపితే మాత్రం మనం వాణ్ని ఎలా కూర్చోబెడతామో ఆలోచించండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఉప్పల్ స్టేడియంలో ఒక ఫాస్ట్ బౌలర్ 160 గ్రాముల బంతిని గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వేశాడనుకోండి. డి బ్రోయ్ సూత్రం ప్రకారం ఆ బంతికీ ఒక తరంగం ఉంది. దాని పొడవెంత? మీటరులో దశాంశ బిందువు పెట్టి, 33 సున్నాలు రాసి, ఆ తర్వాత ఒకటి వేస్తే వచ్చేంత. పరమాణువు మధ్యలో ఉండే ప్రోటాన్ కంటే అది లక్ష కోట్ల కోట్ల రెట్లకు పైగా చిన్నది. 60 కిలోల మనిషి నెమ్మదిగా నడుస్తుంటే ఆ మనిషి తరంగం బంతిదానికంటే మరో తొమ్మిదింతలు చిన్నది. దాన్ని చూపగల పరికరం లోకంలో ఏదీ లేదు. అది మన నడకనూ మార్చదు, మన రక్తంలో చక్కెరనూ మార్చదు.

‘మన శరీరంలో కూడా ఎలక్ట్రాన్లు ఉన్నాయి కదా!’ అని మేమూ అడిగాము. ఉన్నాయి. పరమాణువుల లోపల ఆ నియమాలే పనిచేస్తున్నాయి, అవి లేకుంటే రసాయన చర్యలే ఉండవు. మందు పనిచేసేదీ ఆ నియమాలకు లోబడే. కానీ అవి సృష్టికర్త నియమించిన కట్టడలు. మన నోటి మాటకు లొంగే పనివాళ్లు కావు.

‘మనం చూస్తేనే కణం మారుతుంది కాబట్టి మన మనసే లోకాన్ని నడిపిస్తుంది’ అని మరో మాట వాట్సాప్‌లో తిరుగుతోంది. ఇదీ పొరపాటే. 1989లో జపాన్‌లోని హిటాచీ పరిశోధకుడు అకిరా తొనొమురా బృందం ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపి తెర మీద పడనిచ్చింది. ప్రతి ఎలక్ట్రానూ ఒక్క చుక్కగానే పడింది. మొదట ఆ చుక్కలు ఒక క్రమం లేకుండా చల్లినట్టున్నాయి. వేలకొద్దీ పడ్డాక అలలు గీసే చారలు తేలాయి. ఆ ఎలక్ట్రాన్లు ఏ దారిన పోయాయో పట్టుకునే ఏర్పాటు పెడితే ఆ చారలు చెరిగిపోతాయి. నిజమే. కానీ చెరిపేది ఆ ఏర్పాటు. గదిలో మనిషి ఉన్నా లేకున్నా, అతడు విశ్వాసి అయినా కాకున్నా ఫలితం ఒకటే. దీని లోతైన అర్థమేమిటని ఐన్‌స్టీన్, బోర్ వాదించుకున్నారు, నేటికీ పండితులు వాదించుకుంటున్నారు. కొలతల విషయంలో మాత్రం తగవు లేదు.

మా తప్పు మరొకటి కూడా ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఒక క్రిస్మస్ ప్రసంగంలో, ‘ఎలక్ట్రాన్ కణమూ తరంగమూ అయినట్టే యేసు ప్రభువు దేవుడూ మానవుడూ’ అన్నాము. అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ ఉపమానాన్ని వెనక్కి తీసుకుంటున్నాము. ఎలక్ట్రాన్ ఒక ఏర్పాటులో అలలా, మరో ఏర్పాటులో కణంలా కనబడుతుంది. ప్రభువు అలా చూసేవారిని బట్టి ఒకచోట దేవునిగా, మరోచోట మనిషిగా కనిపించేవాడు కాడు. 451లో కల్సెదోను సభలో సంఘ పితరులు ఒప్పుకున్నది ఏమిటి? రెండు స్వభావాలూ కలిసిపోకుండా, మారిపోకుండా, చీలిపోకుండా, విడిపోకుండా ఒకే వ్యక్తిలో ఉన్నాయని. అది వాక్యం నుంచి, ప్రార్థన నుంచి, కన్నీళ్ల నుంచి పుట్టిన ఒప్పుకోలు. దానికి ఎలక్ట్రాన్ ఊతకర్ర అక్కర్లేదు. రేపు భౌతికశాస్త్రం ఇంకో మాట చెబితే మన క్రీస్తు కూలిపోతాడా? సైన్సు మీద కట్టిన విశ్వాసం సైన్సు కదిలితే కదులుతుంది. బండ మీద కట్టినదానికి ఆ భయం లేదు.

అలాగని ఈ తరంగాల విద్య విశ్వాసికి పనికిరానిదా? ముమ్మాటికీ కాదు. అంబర్‌పేట్ నుంచి రామంతాపూర్ మీదుగా హబ్సిగూడకు వెళ్లి నాచారం వైపు తిరిగే ఆ దారి గృహ ప్రార్థనల కోసం మేము ఎన్నో ఏళ్లుగా వెళ్లే దారే. ఆ ఉప్పల్ రోడ్డు మీదే సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ ఉన్నాయి. సీసీఎంబీలో జీవకణాల లోపలి అమరికను చూడటానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు వాడతారు. వాటి వెనకున్నది డి బ్రోయ్ చెప్పిన తరంగమే! మామూలు మైక్రోస్కోపు వెలుగుతో చూస్తుంది. వెలుగు తరంగం పెద్దది కాబట్టి దానికంటే బాగా చిన్నవాటిని విడదీసి చూపలేదు. లక్ష వోల్టుల శక్తితో పరిగెత్తే ఎలక్ట్రాన్ తరంగం వెలుగు తరంగం కంటే లక్ష రెట్లు చిన్నది. అందుకే 1931లో బెర్లిన్‌లో నోల్, రస్కా అనే ఇద్దరు ఎలక్ట్రాన్లతో చూసే మైక్రోస్కోపుకు నాంది పలికాక, వైరస్‌ల రూపం మనిషి కంటికి చిక్కింది. 1960లలో లండన్‌లో జూన్ అల్మీడా అనే మహిళ ఆ పరికరంతోనే మనిషికి సోకే కరోనా వైరస్‌ను మొదటిసారి చూశారు. ఆమె ఒక బస్సు డ్రైవరు కుమార్తె, పదహారేళ్లకే బడి మానేసిన మనిషి. 2020లో మనమంతా మందిరాలు మూసుకుని ఇళ్లలో మోకరించిన రోజుల్లో, మన దేశంలో పట్టుకున్న ఆ వైరస్ చిత్రాన్ని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతోనే తీసింది. ఆ రోజుల్లోనే సీసీఎంబీ వేలాది నమూనాలను పరీక్షించింది, వైరస్ జన్యుక్రమాన్ని చదివింది. మన ప్రార్థనలకు దేవుడిచ్చిన జవాబుల్లో ఆ ప్రయోగశాలల దీపాలు కూడా ఉన్నాయని మేము నమ్ముతాము.

చూశారా ప్రియులారా! అదే తరంగం. నిజాయితీగా తూచినవారి చేతిలో అది రోగాన్ని చూపే కన్నయింది. తూకం లేకుండా వాడినవారి నోట అది ఒక తల్లి కాలివేళ్లు తీయించింది. తప్పుడు త్రాసు యెహోవాకు హేయమని సామెతల గ్రంథం (11:1) చెబుతుంది. అది అంగడి త్రాసుకేనా? ప్రసంగ వేదిక మీద పలికే మాటకు వర్తించదా? లెక్కలో కింద ఉన్న బరువును దాచిపెట్టి పై మాట మాత్రమే చెప్పడం తప్పుడు తూకం కాక మరేమిటి?

మందుకూ విశ్వాసానికీ పోటీ పెట్టిన వాక్యం మనకెక్కడుంది? హిజ్కియాకు ఇంకా పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాట ఇచ్చాక కూడా, యెషయా అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు (యెషయా 38:5, 21). తిమోతి కడుపునొప్పికి పౌలు ప్రార్థనతో పాటు సలహా కూడా ఇచ్చాడు (1 తిమోతి 5:23). పౌలు పక్కన నడిచిన లూకా వైద్యుడు (కొలస్స 4:14). యాకోబు పత్రిక సంఘ పెద్దలను పిలిచి ప్రార్థన చేయించుకోమంది గానీ (5:14) మాత్రలు పారేయమనలేదు. దేవాలయ శిఖరం మీద నుంచి దూకమన్న అపవాది కూడా వాక్యాన్నే వల్లించాడు. అయినా ప్రభువు దూకలేదు (మత్తయి 4:5-7). దేవుడు స్వస్థపరచగలడు, స్వస్థపరుస్తాడు. మేము కళ్లారా చూశాము. కానీ ఆయన్ని శోధించమని మనల్ని తొందరపెట్టే స్వరం ఆయనది కాదు.

ఆ తల్లి ప్రశ్నకు కూడా జవాబివ్వాలి. పుట్టుగుడ్డివాణ్ని చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, ప్రభువు అతని మీదా, తల్లిదండ్రుల మీదా నేరం మోపలేదు (యోహాను 9:3). ‘అమ్మా, మీ విశ్వాసం చాలింది. మేమే మిమ్మల్ని కాపాడలేదు’ అని చెప్పి ఆమె ముందు చేతులు జోడించాము. ఇప్పుడు ఆమె ఉదయం ప్రార్థన చేసుకుని, టిఫిన్‌కు ముందు గోలీ వేసుకుంటారు. ‘రెండూ ప్రభువిచ్చినవే కదా అయ్యగారూ’ అంటారు. మా ప్రసంగాలన్నిటికంటే ఆ మాటే గొప్పది.

తోటి కాపరులకు మా విన్నపమొకటే. వేదిక మీద సైన్సు మాట చెప్పబోయే ముందు, మీ సంఘంలో ఆ చదువు చదివిన బిడ్డ ఎవరో వెతికి అడగండి. ఈ రోజు ప్రతి సంఘంలోనూ ఒకరైనా ఉంటారు. పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాలతో సరిచూసుకున్న బెరయవారిని వాక్యం ఘనులన్నది (అపొ. కార్య. 17:11). అలాంటప్పుడు ప్రశ్నించిన పిల్లవాణ్ని మనం అవిధేయుడని ఎలా అంటాము? వాడు మందిరం వదిలి వెళ్లిపోతే పోయేది వాడి విశ్వాసం ఒక్కటే కాదు, సంఘానికి కావలసిన ఒక కాపలా కూడా. తల్లిదండ్రులారా, ఫిజిక్స్ చదువుతున్న మీ బిడ్డ కోసం విశ్వాసం పోతుందేమోనని ఏడుస్తూ ప్రార్థించకండి. దేవుని పనిని దగ్గరగా చూస్తున్నాడని స్తుతిస్తూ ప్రార్థించండి.

జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్న ఆ పాత కావెండిష్ ప్రయోగశాల ద్వారం మీద లాటిన్ భాషలో ఏం చెక్కి ఉందో మా యవ్వనస్థుడే మాకు చెప్పాడు. అది నూట పదకొండవ కీర్తన రెండో వచనం! యెహోవా క్రియలు గొప్పవనీ, వాటియందు ఇష్టం గలవారు వాటిని విచారిస్తారనీ ఆ భక్తుడి సాక్ష్యం. ప్రయోగశాల గుమ్మం మీద వాక్యం రాసుకున్నవారున్నారు. మన మందిరం గుమ్మం దగ్గర మాత్రం విచారించేవాణ్ని ఆపేస్తే ఎలా? ఆ యవ్వనస్థుడు ఇప్పుడు మళ్లీ ఆరాధనకు వస్తున్నాడు. నెలకో ఆదివారం యవ్వనస్థుల కూడికలో పాఠం చెబుతున్నాడు. వెనక వరుసలో మేమూ నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటాము.

సత్యస్వరూపియైన దేవుడు మన నాలుకలకు సరైన తూకం, మన చెవులకు వినే వినయం దయచేయును గాక. ఆమేన్.